మాస్టారి అంతిమయాత్రలో తారాజువ్వ

మా ముత్తాత రామభద్రయ్య గారు వీధిన వస్తుంటే అరుగుల మీదివాళ్ళు లేచి నిలబడేవారు. మా తాత వీరరాఘవయ్య గారు మునసబు. ఆయన దగ్గితే చావడి నిశ్శబ్దమయ్యేది. వారి వారసుణ్ణైన నేను ఊరంతటినీ ఒకేసారి దగ్గించాను. ఆ ఘోరం వినండి.

ఆస్తి కరిగినా వంగని నా నడుముకి పని నేర్పింది యేసుపాదం మాస్టారు. "ఏమయ్యా, మీ తాత పేరు నీకు అన్నం పెట్టదు. రా, పిల్లలకి లెక్కలు చెప్పు" అని తన ట్యూషన్లో కూర్చోబెట్టారు. నాకున్న ఒకే ఒక్క స్నేహితుడు ఆయన. ఊళ్ళోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో, మిరప కోతల కాలంలో పోయారు.

పాస్టరు గారు ముందే చెప్పారు. "పాటలు పాడుకుంటూ తీసుకెళ్దామండీ. టపాకాయలు మా పద్ధతి కాదు."

"మా తాత పోతే మూడూళ్ళకి వినపడింది. మాస్టారు అంతకంటే తక్కువా?" అన్నాను. మా ఇంట్లో పొలాలు పోయాయి గానీ ఆ గొంతు పోలేదు.

సమాధుల దారికి ఒక పక్క కాలవ, ఇంకో పక్క కోటయ్య కళ్లం. ఏడాది కష్టమంతా మిరపకాయల రాశిగా పోసి, పైన వరిగడ్డి కప్పాడు.

"బాబుగారూ, ఎలిగించబాకండి! గాలి నా కళ్లం మీదికే కొడతంది!"

"ఏరా కోటయ్యా, తారాజువ్వ కాల్చడం నాకు నేర్పుతావా?"

వెలిగించాను. అది అచ్చం మా వంశంలాగే నిటారుగా లేచి, మధ్యలో ఒరిగి, తిన్నగా రాశి మీద కూలింది.

గడ్డి అంటుకుంది. వెంటనే పొగ. కాలే మిరపకాయ ఎవరి హోదానీ చూడదండీ! పెట్టె మోస్తున్న నలుగురూ దగ్గుతో ఊగిపోయారు. పెట్టె ఒరిగింది.

"పట్టుకోండ్రా! మాస్టారు కాలవలో పడతారు!"

అని అరుస్తూ పరిగెత్తి భుజం పెట్టాను. కళ్ళు కనపడటం లేదు. వెనక కోటయ్య తడిగోనెతో మంటని బాదుతూ "నా కాయ! నా కాయ!" అంటున్నాడు. మాస్టారిని వదల్లేను. కోటయ్య దగ్గరికి పోలేను.

ఎలాగో ఊరివాళ్ళంతా చేరి మంట ఆర్పేసరికి సగం రాశి బొగ్గయింది. సమాధి దగ్గర పాట ఎత్తుకుందామంటే పాస్టరు గారికి పాటకి బదులు దగ్గే వచ్చింది. మా వంశంలో మొదటిసారిగా తల వంచి, మాస్టారి భార్య ముందు నిలబడ్డాను.

"క్షమించండమ్మా."

ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "పోనీలే బాబూ. ఆయనంటే గిట్టనోళ్ళు కూడా ఇయ్యాల వెక్కి వెక్కి ఏడ్చారు."

అక్కడే, గుప్పెట్లో తడిమట్టితో ప్రమాణం చేశాను. నాదైనా సరే, ఏ అంతిమయాత్రలోనూ ఇక అగ్గిపుల్ల గీయను.

కోటయ్య నష్టం తీర్చడానికి ఆ వేసవిలో మా సింహద్వారం టేకు తలుపులు అమ్మాము.