గుర్రంతో పోయిన కళ్లెం

పొద్దున పేపర్ తెరిస్తే చాలు, ఎవరో ఒకరు దేనికో ఒకదానికి కళ్లెం వేస్తుంటారు. ధరలకు కళ్లెం, ఇసుక దందాకు కళ్లెం. రాసేవాళ్లలో ఒక్కరైనా దాన్ని చేత్తో పట్టుకున్నారా అని నాకు చిరాకు. మెట్‌పల్లిలో మా ఇంట్లో అది గోడ మేకుకు వేలాడే వస్తువు. గుర్రం నోట్లో పెట్టే ఇనుప కడ్డీ, తలకు బిగించే తోలు పట్టీలు, చేతికందే పగ్గాలు. మా దగ్గర అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాం. బాపు పెళ్లి బరాత్‌లకు గుర్రం తోలేవాడు.

నేను ఎక్కువ వాగితే అవ్వ "నీ నోటికి కళ్లెం వెయ్య" అనేది. బాపుకు నచ్చేది కాదు.

"కళ్లెం నోరు మూసెతందుకు గాదే. మన చెయ్యి ఏమంటున్నదో దానికి తెల్వాలె గదా," అనేవాడు.

చలికాలం ఆ కడ్డీని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, వెచ్చబడ్డాకే గుర్రానికి అందించేవాడు. అది తనంతట తనే నోరు తెరిచేది.

తర్వాత పెళ్లికొడుకులు పైకప్పు తెరిచిన కార్లెక్కారు. గుర్రం కొట్టంలోనే నిలబడిపోయింది. చివరికి ఆదిలాబాద్ దిక్కు నుంచి ఒకాయన కొనడానికి వచ్చాడు.

మా దగ్గర పశువును అమ్మితే దాని మెడకు కట్టే పలుపు ఇవ్వరు. ఇస్తే ఆ కొట్టం మళ్లీ నిండదంటారు. గుర్రానికైతే కళ్లెం. అందుకే ఆయన కొత్తది తెచ్చుకున్నాడు. ఆ పొద్దున మంచు కురుస్తోంది. చల్లటి కడ్డీని పళ్ల మీద నొక్కాడు. గుర్రం తల ఎగరేసింది. మళ్లీ నొక్కాడు. పెదవి చీరుకుని నెత్తురు కారింది.

బాపు లోపలికి వెళ్లి మా కళ్లెం తెచ్చాడు. అవ్వ ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఇయ్యకు. ఇంట్ల మల్ల గుర్రం నిల్వదు."

"నిల్వకుంటె పాయె. దాని నోరు పుండైతది."

కడ్డీ వెచ్చజేసి తనే తొడిగాడు. "చలికి గిట్ల పట్టుకోవాలె, జర యాదుంచుకో," అని పగ్గాలు ఆ కొన్నాయన చేతికిచ్చాడు. ఆయన సరే సరే అంటూనే ఫోన్ చూసుకుంటున్నాడు. ఆయన మీద నాకు వచ్చిన కోపం ఇప్పటికీ పోలేదు.

కొట్టం మళ్లీ నిండలేదు. అందులో నా బండి పెడుతున్నాను. పేపర్‌లో కళ్లెం అనే మాట కనిపిస్తే బాపు మడిచి పక్కన పెడతాడు. మొన్న చలి ముదిరిన పొద్దున గడప దగ్గర కూర్చుని, ఖాళీ అరచేతులు రుద్దుకుంటున్నాడు. చలిమంట వెయ్యనా అని అడిగాను.

"నాకేం చలి లేదు బిడ్డా," అన్నాడు. "దానికి ఎవలన్న ఎచ్చజేస్తుండ్రో లేదో."