నాచుకు లొంగని మా సుజాతక్క

నిన్న పొద్దుగాల పదకొండు గంటలకు శ్రావ్య ఫోన్ చేసింది.

"పర్వీన్ ఆంటీ, అమ్మ పోయింది" అన్నది.

ఏ ఊరికి పోయింది అని అడిగిన.

నిజంగనే గట్ల అడిగిన. నాకు సమజ్ కాలే.

మొన్న సాయంత్రమే కదా సుజాతక్క మా ఇంటికొచ్చి, పాత టూత్‌బ్రష్‌లు ఉంటే పారెయ్యకు, నాకియ్యి అన్నది. గసొంటి మనిషికి మిషిన్ మీద జాకెట్ కుడుతుండంగనే గుండెనొప్పి వచ్చింది. కరీంనగర్ దవాఖానకు తీస్కపోతుంటే తొవ్వలనే అయిపోయింది.

తెలవనోళ్ళకు చెప్త.

సుజాతక్క మెట్‌పల్లిల మా పక్కింట్ల ఉండేది. టైలర్. భర్త పోయినంక మస్కట్ పోయి, ఎనిమిదేండ్లు ఒకరి ఇంట్ల పని చేసి బిడ్డ శ్రావ్యను సదివిచ్చింది.

గా మస్కట్ ఇంటి హాల్ల గోడంత సముద్రపు అక్వేరియం ఉండేదట. లోపల రంగురంగుల చేపలు, పువ్వుల్లెక్క విచ్చుకునే పగడాలు. అద్దానికి పట్టిన నాచు గీకుడు అక్క డ్యూటీ. గీకినంక అక్కడ నిలవడొద్దని ఇంటామె రూల్ పెట్టింది. పని అయిపోతే లోపలికి పోవాలె, అంతే.

గని ట్యాంక్ సర్వీసింగ్‌కు వచ్చే మలయాళీ అన్నను, అక్క చేతుల పని చేతులనే ఉండంగ, అన్నీ అడిగి నేర్చుకున్నది.

వాపస్ వచ్చినంక మొదలు కుట్టుమిషిన్ పెట్టుకున్నది. తర్వాత హైదరాబాద్‌కెళ్ళి సెకండ్‌హ్యాండ్ ట్యాంక్ తెప్పిచ్చి ముందటర్రల పెట్టి, ఉప్పునీళ్ళు పోసి చేపలను, పగడాలను ఇడిసింది. దాని ముందట ఒక కుర్చీ.

వాడంత నవ్విన్రు. కూరకు పనికిరాని చేపలకు ఉప్పునీళ్ళ ట్యాంక్ ఏందన్నరు. నేను సుత నవ్విన, అబద్ధమెందుకు.

నాలుగు నెలలకు నాచు పట్టింది.

గది మామూలు నాచు కాదు. పచ్చటి వెంట్రుకల్లెక్క రాళ్ళ మీద, పైపుల మీద, పగడాల దాక పాకింది. రెండు పగడాలు ముడుసుకపోయినయి. ఎంత పీకినా వారంల మళ్ళా గంతే.

అక్క తమ్ముడు రమేశ్ ఖానాపూర్ నుంచి వచ్చి చూసి, ఇదంత తీస్కపోయి మోరిల పారబొయ్యి అన్నడు. చేపల షాపాయన ఒక మందు సీసా ఇచ్చి, రెండు రోజులల్ల సాఫ్ అయితది అన్నడు. అక్క గా సీసా మీది రాత మొత్తం నాతోని సదివిచ్చుకున్నది. రొయ్యలకు, నత్తలకు ప్రమాదం అని రాసి ఉన్నది. అక్క ట్యాంక్‌ల నత్తలున్నయి. సీసా వాపస్ పంపింది.

రమేశ్‌కు చెప్పిన మాట మాత్రం నా ముందటనే చెప్పింది.

"ఎనిమిదేండ్లు వేరేటోళ్ళ అద్దం గీకిన. ఒక్కనాడు నిలవడి చూడనియ్యలే. ఇది నాది. పారబొయ్య."

తర్వాత పది రోజులు, నాచు ఎందుకొస్తుందని అదే ఆలోచన. ఒకనాడు గోడ అవుతల నుంచి నన్ను పిలిచింది.

"పర్వీనూ, పసుపు చేన్లకు చల్లిన యూరియా ఏడికి పోతది? భూమిలకే కదా. గా బోర్ నీళ్ళే నేను ట్యాంక్‌ల పోస్తున్న. నాచుకు నేనే ఎరువేస్తున్న."

వ్యవసాయం చేసేటోళ్ళ ఇంట్ల పుట్టిన మనిషి. ఆమెకు తట్టింది, మా ఇంట్ల డిగ్రీ సదివినోళ్ళకు తట్టలే.

ఇగ గప్పటి నుంచి అక్కను ఆపలేకపోయినం.

ఆర్‌ఓ ఫిల్టర్ బిగిపిచ్చింది. నీళ్ళల్ల ఎంత కలిసున్నదో లెక్క చూపే చిన్న మీటర్ కొన్నది. అది సున్నా చూపేదాక ఫిల్టర్ ఎనుక ఇంకో ఫిల్టర్ జోడిచ్చుకుంట పోయింది. చేపలకు మూడు పూటలు ప్రేమతోని వేసే మేత ఒక్క చిటికెకు తగ్గిచ్చింది. మిగిలిన మేత కుళ్ళితే గది సుత ఎరువేనట. ఎండ రాకుండ కిటికీకి మందం పరదా కుట్టింది. లైట్ టైం తగ్గిచ్చింది. నాచు తినే నత్తలను ఇంకిన్ని తెచ్చి ఇడిసిపెట్టింది.

ప్రతి ఆదివారం రాళ్ళు ఒక్కొక్కటి తీసి, ట్యాంక్ నీళ్ళు పట్టిన బకెట్ల పెట్టి బ్రష్‌తోని రుద్దేది. నేను పక్కన కూసొని ఇంకో రాయి రుద్దేదాన్ని. ఉప్పుకు వేళ్ళు పగిలేటియి.

నెల అయినా తగ్గలే. రెండు నెలలైనా తగ్గలే. అక్కా ఇగ చాలు, పరేషాన్ కాకు అన్న. వినలే. కొత్త బకెట్ కొనుక్కొచ్చింది.

మూడో నెలల నాచు తెల్లవడ్డది. వేలుతోని ముట్టుకుంటే ఊడొచ్చింది. ఇంకొన్ని దినాలకు, ముడుసుకున్న రెండు పగడాలల్ల ఒకటి విచ్చుకున్నది. అక్క నన్ను పిలిచి గా కుర్చీల కూసోవెట్టింది. వెనుక నిలవడి నా భుజం మీద చెయ్యేసింది.

ఇప్పుడు అసలు మాట.

నిన్న అక్కను మట్టి చేసి వచ్చినంక అక్క ఇంట్ల కొందరు అనుకుంటుండ్రు. ఒంటరి ఆడిదానికి గీ షోకులెందుకు, దాని ఫికర్‌తోనే పానం పోయింది అని. ఒకాయన ట్యాంక్ బంద్ చేసేతందుకు స్విచ్ కోసం గోడ తడుముతుండు.

నేను మధ్యల నిలవడ్డ. షోకే. అవును. ఎనిమిదేండ్లు వేరేటోళ్ళ ఇంట్ల కష్టపడి సంపాదించుకున్న షోకు. మీకేమైతుంది అని అడిగిన.

శ్రావ్య ఏడుపు ఆపుకొని వచ్చి స్విచ్‌బోర్డుకు వీపు ఆనిచ్చి నిలవడ్డది.

"ఇది బంద్ కాదు" అన్నది.

రమేశ్ లేచి బయటికి పోయిండు. కోపమొచ్చి పోయిండనుకున్న. జర సేపటికి రెండు చేతులల్ల రెండు ఫిల్టర్ నీళ్ళ క్యాన్లు పట్టుకొని వచ్చిండు. ఉప్పు ఎంత కలపాలె అని శ్రావ్యను అడిగిండు.

ఇయ్యాల పొద్దుగాల ముగ్గురం కలిసి నీళ్ళు మార్చినం. వెనుక అద్దం మీద జర పచ్చగ ఉండె. గీకినం.

నాచు మళ్ళా వస్తది. రానీ. మళ్ళా గీకుతం.

నిమ్మలంగ పండుకో సుజాతక్కా. నీకు అల్లా సుకూన్ ఇయ్యాలె.