సారు గారి బండికి నర్సమ్మ కట్టిన ధర

బిలాస్‌పూర్ తెలుగువాళ్ళలో పాత కారు కొనాలనుకున్నవాడు ముందు బ్యాంకుకి వెళ్ళడు, గుడికీ వెళ్ళడు. తెలిపారా వీధిలో అప్పలనర్సమ్మ ఇంటికి వెళ్తాడు. ఆవిడకి కారు తోలడం రాదు. అరవై మూడేళ్ళ జీవితంలో ఒక్కసారైనా స్టీరింగు పట్టుకోలేదు. అయినా బానెట్టు ఎత్తించి, చేతి వెనకవైపు ఇంజను మీద ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడిందంటే అమ్మేవాడికి నోట తడి ఆరిపోతుంది.

చేతి వెనకవైపు ఆనించడం రైల్వే షెడ్డులో నేర్చుకుంది. బొబ్బిలి దగ్గర పల్లె నుంచి పెళ్ళయి వచ్చిన మనిషి. ఆ షెడ్డులోనే ఖలాసీగా చేస్తున్న భర్త పోతే ఇరవయ్యారేళ్ళకి ఆ ఉద్యోగం ఆమెకిచ్చారు. ఉద్యోగమంటే ఇచ్చారు గాని, చేతికి మాత్రం చీపురే ఇచ్చారు. ఊడుస్తూ ఊడుస్తూ ఇంజన్లు చూసింది. బేరింగు వేడెక్కిందేమో చూడ్డానికి అరచెయ్యి పెట్టకు, కాలితే రేపు స్పానర్ పట్టలేవు, వెనకవైపు పెట్టు అని ఒక ముసలి ఫిట్టరు చెప్పాడు. ఆ ఒక్క ముక్కతో మొదలుపెట్టి, ఎవరూ నేర్పకుండానే మిగతా పనంతా లాక్కుంది. టెక్నీషియన్‌గా రిటైరయ్యే నాటికి, షెడ్డులో ఏ ఇంజనైనా మూలిగితే "నర్సమ్మని పిలవండ్రా" అనేవారు.

కార్ల సంగతి రిటైరయ్యాక వచ్చింది. పక్కింటి పైడిరాజు కొనబోతున్న బండిని ఊరికే చూడ్డానికి వెళ్ళి, దాని తలుపు మీద గుడ్డ చుట్టిన అయస్కాంతం పెట్టింది. అది అంటుకోకుండా జారి కింద పడింది. రంగు కింద ఉన్నది రేకు కాదు, పుట్టీ. ఎప్పుడో గుద్దుకున్న బండి. పైడిరాజు బతికిపోయాడు, నర్సమ్మకి పని తగులుకుంది. ఆవిడ ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోదు. చెప్పింది వినకపోతే మాత్రం మళ్ళీ గుమ్మం ఎక్కనివ్వదు.

ధర గురించి ఆవిడ లెక్క ఒకటే. "అమ్మినోడు ఎనక్కి చూసి రేటు చెప్తాడు. ఎంత పెట్టి కొన్నాడు, ఎంత ముద్దుగా చూసుకున్నాడు అని. కొన్నోడు ముందుకి చూసి కట్టాల. రాబోయే రెండేళ్ళు ఈ బండి నీ జేబులోంచి ఎంత లాగుతాదో అది తీసీసి ఇయ్యి."

అలాంటి ఆవిడకి కూడా ఒక బండికి ధర కట్టడానికి ధైర్యం చాలలేదు.

జులై ఇరవయ్యేడో తారీకు పొద్దున్నే స్వాతి వచ్చింది. స్వాతి నర్సమ్మ స్నేహితురాలు రాజశ్రీ కూతురు. కాళ్ళూ చేతులూ స్వాధీనం తప్పినవాళ్ళకి ఇంటికి వెళ్ళి వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్టు. పుట్టింది, పెరిగింది బిలాస్‌పూర్‌లోనే కాబట్టి తెలుగులో మొదలుపెట్టిన వాక్యం హిందీలో తేలుతుంది.

"పెద్దమ్మా, గాడీ దొరికింది. తిరుమలరావు అంకుల్‌ది. బస్, పక్కా అయిపోయింది. మమ్మీ నిన్న అయిదు వేలు బయానా ఇచ్చేసింది."

"బండి చూసేరా?"

"అంకుల్ బండికి చూడ్డమేంటి? ఆయన షెడ్డుకే పెద్ద ఇంజనీరు కదా. బురా లగేగా న ఉన్‌కో, బాధపడతారు."

మనవాళ్ళకిదొక జబ్బు. బజార్లో అరకిలో వంకాయలు కొంటే ఒక్కొక్కటీ తిప్పి, తొడిమ గిల్లి చూస్తారు. మనవాడి దగ్గర మూడున్నర లక్షల బండి కొంటే టైరు కూడా తన్ని చూడరు. చూస్తే అనుమానించినట్టట!

"ఎంతన్నాడు?"

"మూడు యాభై అయిదు. నా దగ్గర గాడీకని మూడు నలభై అయిదే ఉంది. అలగ్‌సే, వేరేగా, మెషీన్‌కి నలభై వేలు దాచాను కదా, అందులోంచి పది తీస్తాను."

మెషీన్ అంటే నొప్పులకి కరెంటు పెట్టే పెట్టె. సీపత్ కాలనీలో పదకొండు మంది ముసలివాళ్ళు స్వాతిని రమ్మన్నారు. ఒకటో తారీకు నుంచి, మెషీన్‌తో సహా. వెళ్ళడానికే ఇరవై కిలోమీటర్ల పైన. ఈ వానల్లో ఆ పెట్టె స్కూటీ మీద పెట్టుకుని వెళ్ళే దారి కాదది. ఈ పిల్ల కాదంటే ఆ పని ఇంకొకళ్ళకి వెళ్ళిపోతుంది.

"పది తీస్తే మెషీన్ వస్తాదా మరి?"

స్వాతి కాసేపు గోళ్ళు చూసుకుంది. "రాదు. షాపువాడు ఉధార్ ఇవ్వడు, మొత్తం నగదే అంటాడు. మొదటి నెల చేతుల్తో సర్దుకుంటాను."

"సర్దుకుంటావో, వాళ్ళ యోగక్షేమాలడిగి వొచ్చెస్తావో!" అంది నర్సమ్మ. కాని లేవలేదు. లేవడానికి భయమేసింది. తిరుమలరావు ఇరవై ఏళ్ళు ఆమె మీద అధికారి. ఆయన ఎదురుగా వస్తుంటే చేతిలోది కింద పెట్టి నిలబడేది. ఆయన మాట మీద మాట అన్న రోజు ఒక్కటి లేదు. అలాంటి మనిషి బండికి తాను ధర కట్టడమా? అయితే ఎదురుగా ఈ పిల్ల గోళ్ళు చూసుకుంటూ కూర్చుంది. చివరికి టార్చి, అయస్కాంతం సంచిలో వేసుకుని, "ఆటో పిలు, బేగి" అంది.

అర్పా నది వంతెన దాటి సర్కండాలో దిగారు. తిరుమలరావు గారి ఇంటి ముందు పోర్టికోలో కారు ముసుగేసుకుని ఉంది. ఆయన స్వయంగా ముసుగు తీశాడు. తెల్లటి చిన్న కారు, పెళ్ళికూతురిలా తళతళలాడింది.

"నువ్వొచ్చేవేటి నర్సమ్మా, మంచిది. చూడు. ఎనిమిదేళ్ళ బండి, తిరిగింది ఇరవయ్యారు వేల కిలోమీటర్లు. ప్రతి ఆదివారం నా చేత్తో కడిగేను. వాన్లో గేటు దాటించలేదు. అరవై వేలు తిరిగినవాటికే ఊళ్ళో మూడు ముప్పై అడుగుతున్నారు. నేను ఎక్కువ అడిగేనేటి?"

"ఒక్కపాలి చూస్తాను సార్. అలవాటు," అంది నర్సమ్మ. స్వాతి ముఖం ఎర్రబడింది.

తలుపులన్నిటికీ అయస్కాంతం గట్టిగా అతుక్కుంది. ఎక్కడా గుద్దుకున్న బండి కాదు. పెడల్ రబ్బర్లు అరగలేదు, అంటే మీటరు చెప్పేది నిజమే. స్టార్టు చేయించి చెయ్యి ఆనించింది. సెల్ఫు కొంచెం నీరసంగా అందుకుంది గాని, ఇంజను మాత్రం ఒక్క దగ్గు లేకుండా శుభ్రంగా తిరిగింది. ఆమెకి ప్రాణం లేచొచ్చింది. అప్పుడు టైరు పక్కన గొంతుక్కూర్చుని, దాని మీద పోసిన నాలుగంకెలు చదివింది. అవి తయారైన వారం, సంవత్సరం చెప్పే అంకెలు. ఎనిమిదేళ్ళ నాటివి. రబ్బరు గాళ్ళు అరగకుండా నిండుగా ఉన్నాయి, కాని గోరు గుచ్చితే దిగలేదు. పక్కన సన్నగా పగుళ్ళు. లోపల బెల్టు ఎండిన తోలులా ఉంది. బ్రేకుల అంచులకి తుప్పు లేచింది.

మోసగాడైతే ఎంత సులువు! నాలుగు తిట్టి, సంచి ఎత్తుకుని వచ్చేసేది. ఈయన ఒక్క అబద్ధం చెప్పలేదు. నిజమే చెప్పి, తప్పు ధర అడుగుతున్నాడు. నర్సమ్మకి ఆయన మీద జాలేసింది, నోరు తెరవడానికి భయపడుతున్నందుకు తన మీద తనకి కోపమొచ్చింది. లేచి కొంగుతో చేతులు తుడుచుకుంది.

"సార్, బండి మంచిది. రేటు బాగులేదు."

తిరుమలరావు చేతిలో తాళాల గుత్తి ఆగిపోయింది. "ఏటీ?" అన్నాడు. "నా బండికి నువ్వు రేటు కడతావా?"

అది షెడ్డు గొంతు. పాతికమంది మగవాళ్ళు ఆ గొంతుకి సర్దుకుని నిలబడేవారు. స్వాతి "రెహ్‌నే దో పెద్దమ్మా, పోనీలే," అని ఆమె మోచెయ్యి లాగింది. నర్సమ్మ ఆ లాగిన చేతిని పక్కకి తీసి, ఆగకుండా చెప్పేసింది.

"సార్, సైడింగులో ఆర్నెల్లు నిలబెట్టిన ఇంజనుంటే, తిరగలేదు గదా, అరగలేదు గదా అని లైనుకి ఇచ్చీసేవారా మీరు? మా మీద కేకలేసీవారు. నిలబడ్డ ఇంజను పరిగెట్టిన ఇంజను కంటే ఎక్కువ పని పెడతాది అని మీరే కదా సెప్పీవారు? ఈ బండి కూడా అలగే నిలబడిపోయింది సార్. టైర్లు రాయయిపోయేయి. ఈ స్వాతి గుంట దీన్లో వాన్లో సీపత్ రోడ్డు మీద పోవాల, రోజూ."

తిరుమలరావు వంగి టైరు పగుళ్ళు చూశాడు.

"ఊళ్ళో అడిగేది మూడు ముప్పయ్యే గాని ఇచ్చేది మూడిరవై. మీ ఇంజను బాగుంది, రంగు బాగుంది. దానికో ఇరవై ఎయ్యండి, మూడు నలభై. టైర్లు నాలుగూ పద్దెనిమిది వేలు. బ్యాటరీ అయిదు. బ్రేకులూ బెల్టూ ఏడు. ముప్పై తీసీయండి. మూడు లక్షల పది వేలు. అంతకి ఒక్క రూపాయి ఎక్కువైనా ఈ పిల్లకి అన్యాయం."

తిరుమలరావు ఆమె కేసి చూశాడు, బండి కేసి చూశాడు. తర్వాత చెయ్యి చాపి "టార్చి ఇలా ఇయ్యి" అన్నాడు. అరవయ్యెనిమిదేళ్ళ మనిషి నేల మీద పాత గోనె పరుచుకుని, మోకాళ్ళు పటపటమంటుండగా బండి కిందికి దూరాడు. ఇస్త్రీ ప్యాంటు, కాళ్ళూ మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. లోపల్నించి వేలితో తట్టిన చప్పుళ్ళు వచ్చాయి. ఎంతసేపటికీ రాడు. కోపంతో అలా పడుకుండిపోయాడేమోనని స్వాతి భయపడింది.

వచ్చాడు. జుట్టు నిండా దుమ్ము. నల్లటి వేలు నర్సమ్మ ముఖం ముందు పెట్టి, లాటరీ తగిలినంత సంతోషంతో అరిచాడు.

"నువ్విది చూళ్ళేదు నర్సమ్మా! వెనక షాకబ్జార్బర్ నూనె కారుతోంది! నువ్వు చూళ్ళేదు!"

"నాను కిందికి దూరలేదు సార్."

"మరి? దూరకుండా రేటెలగ కట్టేవు? జతగా మార్చాలి. ఎనిమిది వేలు. మూడు లక్షల రెండు వేలు!"

స్వాతికి అర్థం కాలేదు. అమ్మేవాడే తగ్గిస్తున్నాడు. ఆమె నోరు తెరిచే లోపలే నర్సమ్మకి చిర్రెత్తుకొచ్చింది.

"ఎనిమిదేటి సార్, ఎవడు సెప్పేడు? జత నాలుగున్నర. బిగించినోడికి అయిదొందలు. అయిదు వేలు. మూడు లక్షల అయిదు."

"నాకు తెలీదేటి? ఎనిమిది."

"అయిదు. సుభాష్ చౌక్ షాపుల్లో అడుగుదాం రండి."

"నా బండి, నా ఇష్టం. మూడు లక్షల రెండు వేలకే ఇస్తాను."

"బండి మీదే గాని, రేటు మీ ఇష్టం కాదు సార్. నా ఇష్టవూ కాదు. అది మూడు లక్షల అయిదు వేలు. అంతే."

ఇద్దరూ ఆయాసపడుతూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు నవ్వింది తిరుమలరావు. దుమ్ము పట్టిన తలతో, నల్లబడ్డ చేత్తో, బానెట్టు మీద చరిచి మరీ నవ్వాడు. "ఇన్నాళ్ళూ షెడ్డులో ఈ నోరెక్కడ దాచేవే?" అన్నాడు. నర్సమ్మకి కళ్ళు చెమర్చాయి. అది సంతోషమేనని ఆమెకీ తెలుసు.

మూడు లక్షల అయిదు వేలు బండికి, ముప్పై అయిదు వేలు మరమ్మతుకి, మిగిలిన అయిదు వేలు పేరు మార్పిడి కాగితాలకి. మెషీన్ డబ్బు మీద చెయ్యి పడలేదు.

ఒకటో తారీకు పొద్దున్న ఎనిమిదింటికి నర్సమ్మ ఫోను మోగింది. తిరుమలరావు గారు ఆమెకి ఫోను చెయ్యడం అదే మొదలు.

"నర్సమ్మా, ఆ పిల్ల వెళ్ళిందేటి?"

"ఈపాటికి సీపత్ చేరిపోయుంటాది సార్. ఎనక సీట్లో మెషీన్ పెట్టుకుని ఎల్లింది. నానే ఎక్కించేను."

"షాకబ్జార్బర్లు?"

"మార్పించీసేను. జత నాలుగు వేల ఆరొందలయ్యింది."

అవతల, జత నాలుగున్నరన్నావు కదా అని లెక్క గొణుగుకోవడం వినిపించింది.

"అయితే ఆ వంద రూపాయలు నేనిస్తాను," అన్నాడు తిరుమలరావు.

"ఇయ్యాల్సిందే సార్," అంది నర్సమ్మ.