హుసేనమ్మ రాసిన నవల

నిన్న పొద్దున ఆఫీస్ బస్సులో ఉండగా హుసేనమ్మ నంబర్ నుంచి మెసేజ్ వచ్చింది.

"ఆంటీ, అమ్మ చనిపోయింది. ఇంటికి రండి."

పైన డీపీలో అదే నవ్వు, నుదుట అదే పెద్ద బొట్టు. కింద ఈ మాట.

వాళ్లమ్మాయి సహస్ర పంపిందని అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది. గచ్చిబౌలిలో దిగేసి, ఆటో మాట్లాడుకుని, చందానగర్ చేరేదాకా ఏడుస్తూనే ఉన్నా.

నిద్రలోనే గుండె ఆగిపోయిందట. మొన్న సాయంత్రం కూడా నాతో ఫోన్‌లో తన నవల కవర్ గురించి పోట్లాడిన మనిషి.

మా ఆఫీస్ బయటి ఫ్రెండ్స్ కోసం చెప్తున్నా. హుసేనమ్మ మా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ టీమ్ లీడ్. శేరిలింగంపల్లి పక్క పల్లెలో పుట్టిన హిందువుల బిడ్డ. ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే, వాళ్లమ్మ నర్సమ్మ గారు హుసేన్ పీరుకి మొక్కుకున్నారట, ఈ బిడ్డ నిలిస్తే నీ పేరే పెట్టుకుంటానని.

నిలిచింది. ఆ పేరే పెట్టారు.

కొత్తగా చేరినవాళ్లు మెయిల్‌లో పేరు చూసి రంజాన్‌కి విషెస్ చెప్పేవాళ్లు. ఎదురుగా బొట్టు చూసి నీళ్లు నమిలేవాళ్లు. ఈవిడ మాత్రం హాయిగా థాంక్స్ చెప్పి, హలీం ఎప్పుడు తినిపిస్తావని వాళ్లనే అడిగేది.

అలాంటి పేరుతో పెరిగిన ఒక పిల్ల కథే ఆమె నవల. పేరు "పచ్చ దట్టి".

అందులో లాలమ్మ అనే చిన్నపిల్ల మొహర్రంకి పీరీలకు పచ్చగుడ్డ కడుతుంది. అదే దట్టి. ఆషాఢంలో బోనం ఎత్తుకుంటుంది. చుట్టూ పొలాలు పోయి అద్దాల బిల్డింగులు లేస్తుంటే తనూ పెద్దదవుతుంది. కాలేజీలో చేరాక మొదటిసారి ఎవరో అడుగుతారు, ఇంతకీ మీరు ఏ మతం వాళ్లు అని. అప్పటిదాకా అలాంటి ప్రశ్న ఒకటి ఉందని కూడా ఆ పిల్లకు తెలీదు.

నాకు ఆ చాప్టర్ అంటే ప్రాణం.

మేం టెస్టింగ్ వాళ్లం కదా, నవలని కూడా అలాగే చదివాం. డ్రాఫ్ట్ షేర్ చేస్తే, తప్పు అనిపించిన చోటల్లా బగ్స్ రాసి పంపాం. అపార్ట్‌మెంట్‌లో పుట్టి అపార్ట్‌మెంట్‌లోనే పెరిగిన మా స్రవంతి అయితే ఏకంగా హై ప్రయారిటీ బగ్ పెట్టింది. పీరీల ముందు మలీద పెట్టిన పిల్ల తర్వాతి చాప్టర్‌లో పోచమ్మకు బోనం చేస్తోంది, క్యారెక్టర్ మారిపోయింది, ఫిక్స్ చేయండి అని.

కడపలో పీర్ల గుండం చుట్టూ తిరిగి పెరిగిన నాకు నవ్వాగలేదు.

హుసేనమ్మ నవ్వలేదు. కిందటేడు మొహర్రంకి లంచ్ టైమ్‌లో మా ఇద్దరినీ క్యాబ్ ఎక్కించి, వాళ్ల ఊరి పీరీల కొట్టానికి తీసుకెళ్లింది. రెండు టవర్ల మధ్య చిన్న రేకుల గది. డప్పులు, ఊదు పొగ. పక్క టవర్ మెట్ల మీద నిలబడి వీడియోలు తీసుకుంటున్న ఉద్యోగులు. పీరు ఎత్తుకున్నది వాళ్ల మేనమామ యాదగిరి గారు. మెడలో ఆఫీస్ ఐడీ కార్డు అలాగే ఉండగా మా హుసేనమ్మ మేడం పోయి దట్టి కట్టి వచ్చింది.

రొట్టెల్ని బెల్లంతో నలిపి చేసిన మలీద ముద్ద స్రవంతి చేతిలో పెట్టి అంది:

"బోనంల బెల్లమన్నానికి, గీ మలీదకి మా అమ్మ ఒక్క దుకాణంలనే బెల్లం తెస్తది. దీంట్ల ఏది ఏ మతమో జర నువ్వే చెప్పు."

స్రవంతి ఇంకో ముద్ద అడిగింది. ఆఫీస్‌కి రాగానే బగ్ క్లోజ్ చేసేసింది.

పబ్లిషర్ కూడా దొరికారు. కానీ ఒక మెలిక పెట్టారు. లోపల ఒక్క అక్షరం ముట్టుకోం, కవర్ మీద పేరు మాత్రం మార్చుకోండి అన్నారు. ఈ పేరు చూస్తే ఇదేదో మతం పుస్తకం అనుకుంటారట. "హాసిని" అని పెడదాం అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె మాత్రం సరే అనేలా ఉంది.

కారణం సహస్ర. టెన్త్ చదువుతోంది. క్లాసులో వాళ్లమ్మ పేరు పట్టుకుని ఏడిపిస్తున్నారని, పేరెంట్స్ మీటింగ్‌కి నాన్ననే రమ్మనేది.

"నా పేరు నాకు బరువు గాదు రమా. పిల్లకు బరువైతుంది. ఇగ హాసిని అనే ఉండనియ్."

మొన్న ఫోన్‌లో అన్న మాట ఇది. నేను ఊరుకోలేదు. నవలంతా ఆ పేరు గురించి రాసి, చివరికి ఆ పేరే దాచుకుంటావా అని గొడవపడ్డా. సోమవారం ఏ సంగతో చెప్తానని ఫోన్ పెట్టేసింది.

నిన్న ఇంట్లో నర్సమ్మ గారు కూతురి నుదుట పసుపు, కుంకుమ పెట్టారు. తర్వాత కొంగు ముడి విప్పి, పీరీల దగ్గర తెచ్చి దాచుకున్న ఊదు బూడిద తీసి ఆ కుంకుమ పక్కనే రాశారు. పంతులు గారు కూడా ఆగి, ఆవిడ రాయడం అయ్యాకే మంత్రం మొదలుపెట్టారు. సహస్ర కళ్లార్పకుండా చూస్తూనే ఉంది.

అన్నీ అయ్యి ఇంటికొచ్చాక సహస్ర నా పక్కన వచ్చి కూర్చుంది. అమ్మ ఫోన్ చేతిలోనే ఉంది. అందులో కవర్ డిజైన్ తెరిచి చూపించింది.

"అమ్మ బుక్ నేను ఎప్పుడో చదివేశాను ఆంటీ. అమ్మకి చెప్పలేదు."

కవర్ మీది పేరు మీద వేలు పెట్టి అడిగింది.

"ఈ హాసిని ఎవరు? బుక్ రాసింది హుసేనమ్మ కదా. అదే వేయమనండి."

వాళ్ల నాన్న వైపు చూశా. తలూపారు. అక్కడి నుంచే పబ్లిషర్‌కి ఫోన్ చేశా. ఆయన మారు మాట్లాడకుండా ఒప్పుకున్నారు. పుస్తకం వస్తోంది. మొదటి కాపీ తనే స్కూల్‌కి తీసుకెళ్తానంటోంది సహస్ర.

సోమవారం చెప్తానన్నావు కదే. నీ బిడ్డ ముందే చెప్పేసింది.

పోయిరా హుసేనమ్మా. నీ పీరీలు, నీ పోచమ్మ కలిసి నిన్ను చూసుకోవాలి. నిమ్మళంగా ఉండు.