ఎడమచేతి రైఫిలుకు ఆర్విడ్ పెట్టిన వంకలు

ఆర్విడ్ హోగన్ జీవితం మొత్తంలో తొందరపడి చేసిన పని ఒక్కటే, చచ్చిపోవడం. మిగతా ప్రతిదానికీ ముందు వంక పెట్టేవాడు, తర్వాత ఆలోచించేవాడు, ఆ తర్వాత "ఇంకోటి చూద్దాం" అనేవాడు. బిట్టర్ క్రీక్‌లో ఆ మాట వినని దుకాణదారు లేడు. మోంటానాలో అమ్మకానికి పెట్టిన ప్రతి బూటూ ఒక్కసారైనా మా బావ పాదం చూసే ఉంటుందని అతని బావమరిది క్లేటన్ అంటుండేవాడు.

అతను పెంచిన కుక్క పేరు లేకుండానే ముసలిదైపోయింది. పిల్లగా ఇంటికి తెచ్చిన రోజు నుంచీ దానికి పేరు వెతుకుతూనే ఉన్నాడు. ఒక పేరు మరీ పొడుగు, ఒకటి పొరుగువాడి గుర్రానిది, ఇంకోటి గట్టిగా పిలిస్తే నోరు వంకర పోతుంది. చివరికి ఆ కుక్క "ఏయ్" అంటే పలికేది. ఊళ్లో ఎవరు ఎవర్ని "ఏయ్" అన్నా అదే పరిగెత్తుకొచ్చేది.

పెళ్లి దగ్గరా అంతే. క్లేటన్ అక్క సిగ్రిడ్‌ను నాలుగేళ్లు తిప్పాడు. నన్ను ఎవరితో పోల్చి చూస్తున్నావని ఆమె ఒకరోజు నిలదీస్తే, నీలో వంకేమీ దొరకలేదు, నాలోనే బోలెడు కనిపిస్తున్నాయి, అదే తేలడం లేదన్నాడట. చర్చిలో పాస్టరు, ఈమెను భార్యగా స్వీకరిస్తావా అని అడిగినప్పుడు కూడా అలవాటు కొద్దీ ఆలోచనలో పడ్డాడు. పెళ్లికూతురి తండ్రి రెండుసార్లు దగ్గాల్సి వచ్చింది.

ఈ బావ సంగతులు చెప్పి పదిమందినీ నవ్వించడం క్లేటన్‌కి సరదా. ఆ సరదా ఒక వేసవిలో ఆగిపోయింది. పొలం కంచెకు ముళ్ల తీగ లాగి బిగిస్తుంటే అది తెగి మొహం మీదికి లేచింది. కుడి కన్ను పోయింది.

క్లేటన్ పెళ్లి చేసుకోలేదు. వీడి సంసారమంతా రైఫిలుతోనే అని సిగ్రిడ్ దెప్పేది. వెయ్యి గజాల అవతలున్న బోర్డు మీద అన్నం పళ్లెమంత చోటులో వరసగా తూటాలు దించేవాడు. గడ్డి వాలు చూసి, ఎండకు లేచే ఆవిరి చూసి, గాలి ఎటు ఎంత వీస్తోందో చెప్పేవాడు. ఆ చూసిన కన్ను, దుర్భిణికి ఆనిన కన్ను, కుడిదే.

షూటింగ్ క్లబ్బు మిత్రులు వచ్చి ఎడమ కన్ను ఉందిగా, ఎడమ భుజాన పెట్టి కాల్చమన్నారు. మంచి మాటే. కానీ అతని రైఫిలుకి, పేలిన తూటా గొట్టాన్ని బయటికి తోసి కొత్త తూటా ఎక్కించే బోల్టు కుడి పక్కన ఉంది. ఎడమ భుజాన పెడితే తూటా తూటాకీ ఎడమ చెయ్యి పేల్చే మీట మీంచి తీసి, రైఫిలు మీదుగా అవతలికి చాచి ఆ బోల్టు లాగాలి. అలా ప్రతిసారీ ఒళ్లు కదులుతుంది. ఇక్కడ వెంట్రుక వాసి కదిలితే అక్కడ తూటా బోర్డు దాటి పోతుంది. పైగా ముప్పై ఏళ్లు నేర్చిన విద్యను చంటిపిల్లాడిలా మళ్లీ మొదలెట్టాలి, అదీ అందరి జాలి చూపుల మధ్య. క్లేటన్ వాళ్లను గుమ్మంలోంచే పంపేశాడు. రైఫిలు మంచం కిందికి తోశాడు. కిటికీ తెర దించుకుని కుర్చీలో కూర్చున్నాడు.

సిగ్రిడ్ రోజూ కూర వండి పట్టుకెళ్లేది, మర్నాడు తాకని గిన్నె తెచ్చుకునేది. ఆమె భయం ఒక్కటే, తమ్ముడు ఇక ఆ కుర్చీలోంచి లేవడేమోనని.

చలికాలం మొదట్లో ఒక శుక్రవారం ఆర్విడ్ భుజం పట్టుకుని ఆ ఇంటికి వచ్చాడు. తన కుడి భుజం పాడైందట, ఇక దాని మీద రైఫిలు దెబ్బ పడకూడదని డాక్టరు చెప్పాడట. ఎడమ భుజాన కాల్చక తప్పదు కనుక ఎడమచేతి రైఫిలు ఒకటి ఎంచుకోవాలన్నాడు.

"నువ్వు ఎంచుకోవాలా?" అన్నాడు క్లేటన్.

"అందుకే నిన్ను రమ్మంటున్నా. నా సంగతి నాకు తెలియదా?"

క్లేటన్ రానన్నాడు. సాయంత్రం సిగ్రిడ్ ఫోను చేసి, ఒరేయ్ తమ్ముడూ, ఈయన పొద్దున్నుంచీ చీపురు ఎడమ భుజాన పెట్టుకుని ఇల్లంతా తిరుగుతున్నాడు, నువ్వు తీసుకెళ్లకపోతే నాకు పిచ్చెక్కుతుందని మొరపెట్టుకుంది. అక్క బాధ పడలేక మర్నాడు శనివారం క్లేటన్ కుర్చీలోంచి లేచాడు.

డెల్బర్ట్ తుపాకుల దుకాణంలో ఎడమచేతి రైఫిళ్లు ఒక మూల నాలుగో అయిదో ఉంటాయి. కుడిచేతివి గోడ నిండా ఉంటాయి. మమ్మల్ని ఎక్కడైనా మూలకే పెడతారని ఆర్విడ్ అప్పుడే ఎడమచేతివాటం వాళ్ల తరఫున నిట్టూర్చాడు. తర్వాత మొదటి రైఫిలు తీసి క్లేటన్ చేతిలో పెట్టాడు.

"నువ్వు పట్టుకో. భుజాన పెట్టి బోల్టు లాగు. నేను పక్కనుంచి చూస్తా."

"కొనేది నువ్వు బావా. నేను పట్టుకోవడం ఏంటి?"

"నేనే పట్టుకుంటే నాకెలా కనిపిస్తుంది?"

అదిగో అద్దం ఉందని డెల్బర్ట్ చూపించాడు. ఆర్విడ్ అతన్ని జాలిగా చూశాడు. "అద్దంలో కుడి ఎడమవుతుంది. ఎడమచేతి రైఫిలు అద్దంలో చూసి కొంటే ఇంటికెళ్లేసరికి కుడిచేతిదవుతుంది."

ఈ వాదన భరించలేక క్లేటన్ రైఫిలు ఎడమ భుజాన పెట్టాడు. బోల్టు లాగడానికి కుడి చెయ్యి పాత అలవాటున కుడి పక్కకు పోయి, అక్కడ ఏమీ లేక గాలిలో తడుముకుంది. అతని మొహం మాడిపోయింది. ఆర్విడ్ ఆ సమయానికి దుకాణం పైకప్పు చూస్తున్నాడు. కప్పుకు కూడా ఏదో వంక పెట్టాడు.

అలా చలికాలమంతా శనివారాలు గడిచాయి. డెల్బర్ట్ దుకాణం అయ్యాక మైల్స్ సిటీ, అక్కడయ్యాక బిల్లింగ్స్, మంచులో ఆర్విడ్ పాత పికప్పు బండిలో. ఒకదాని బోల్టు పిడి చిక్కుడు గింజంతే ఉంది, చలికి చేతి తొడుగు వేసుకుంటే దొరకదు. ఒకదాని మీట మరీ తేలిక, తుమ్మితే పేలుతుంది. మరోదాని మీట మరీ బరువు, అది లాగే లోపు తను ముసలివాడైపోతాడు. అప్పటికే డెబ్బై దాటిన మనిషి ఆ మాటంటే బిల్లింగ్స్ దుకాణంలో కుర్రాడు ఎటు చూడాలో తెలియక కౌంటరు తుడిచాడు. ఒక నల్ల రైఫిలుకైతే ఏ వంకా దొరక్క, ఇది నన్ను ఇష్టపడటం లేదని కింద పెట్టించాడు.

ప్రతిదాన్నీ భుజాన పెట్టి చూపించే పని క్లేటన్‌ది. నేల మీద చాప పరిపించి పడుకోబెట్టేవాడు. చెంప ఆన్చమనేవాడు, బోల్టు లాగమనేవాడు, మళ్లీ లాగు, సరిగ్గా చూడలేదనేవాడు. ఆర్విడ్ అడిగే తెలివితక్కువ ప్రశ్నలకు క్లేటన్ విసుక్కుని, చెంప ఇలా కాదు బావా, ఇదిగో ఇలా, అంటూ తనే మళ్లీ పడుకుని చూపేవాడు. తిరుగు దారిలో హోటల్లో ఆగితే ఆర్విడ్ యాపిల్ పై తినాలో చెర్రీ పై తినాలో తేల్చుకునేలోపు ఇద్దరివీ కాఫీలు చల్లారేవి. క్లేటన్ తిట్టుకుంటూ ముక్క తినేవాడు. తింటున్నాడని సిగ్రిడ్‌కు ఆర్విడ్ ఫోను చేసి చెప్పేవాడు.

మంచు కరగడం మొదలైంది. వచ్చే శనివారం తేల్చేద్దామని ఆర్విడ్ బండి దిగుతూ అన్నాడు. బుధవారం తెల్లవారుజామున ఆవు ఈనుతుంటే కొట్టంలోకి వెళ్లాడు. దూడను బయటికి లాగి, గడ్డితో తుడిచి, బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు. సిగ్రిడ్ కాఫీ పట్టుకెళ్లేసరికి దూడ నిలబడి ఉంది. ఆర్విడ్ కూర్చునే పోయాడు.

శవపేటిక ఎంచడానికి సిగ్రిడ్, క్లేటన్ వెళ్లారు. మొదట కనిపించిన దాన్ని చూపించి ఇది చాలంది సిగ్రిడ్. అంతే, పని అయిపోయింది. అయినా ఆమె అక్కడి నుంచి కదల్లేదు. పేటిక పిడి పట్టుకుని నిలబడింది.

"పిడులు వదులుగా ఉన్నాయనేవాడురా," అంది. "ఇంకోటి చూద్దామనేవాడు."

అంతవరకూ కన్నీరు పెట్టని మనిషి అక్కడ ఏడ్చింది. క్లేటన్‌కి ఆమెను ఓదార్చడం చేతకాలేదు. బావ లేని ఊరు ఎంత తొందరగా నడుస్తుందో అతనికి ఆ రోజే తెలిసింది. అంత్యక్రియలయ్యాక మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. తెర దించాడు. శనివారం వస్తే గుమ్మం వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడేవాడు.

నెల తిరక్కుండానే డెల్బర్ట్ ఫోను చేశాడు. ఆర్విడ్ రైఫిలు కర్రపని చేసేవాడి దగ్గర్నుంచి వచ్చిందట, వచ్చి తీసుకెళ్లమన్నాడు. మా బావ ఏదీ ఎంచుకోనేలేదు, ఎక్కడో పొరపాటు పడ్డావన్నాడు క్లేటన్. అయినా వెళ్లాడు.

డెల్బర్ట్ లోపలి గదిలోంచి వాల్‌నట్ కర్ర రైఫిలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. బోల్టు ఎడమ పక్కన ఉంది. క్లేటన్ దాన్ని గుర్తుపట్టాడు. మొదటి శనివారం మొట్టమొదట తన చేతిలో పెట్టిందే. భుజానికి ఆనే కర్ర మాత్రం కొత్తది. భుజాన పెట్టాడు. చెంప ఎక్కడ ఆనాలో అక్కడ ఆనింది, వేలు ఎక్కడికి చేరాలో అక్కడికి చేరింది.

"కొలత తప్పావు డెల్బర్ట్," అన్నాడు. "మా బావ పొట్టివాడు. ఇంత పొడుగు కర్రకి అతని వేలు మీట దాకా అందదు."

"తప్పలేదు. అది నీ కొలత."

క్లేటన్ రైఫిలు దించలేదు. డెల్బర్ట్ కుర్చీ లాక్కుని కూర్చుని నెమ్మదిగా చెప్పాడు. ఆర్విడ్ భుజానికి ఏ జబ్బూ లేదు. పోయేముందు వారం కూడా దాణా బస్తాలు మోశాడు. మొదటి శనివారం క్లేటన్ ఇది భుజాన పెట్టడం చూశాడు, సాయంత్రం ఒక్కడే వెనక్కి వచ్చి ఇదే కావాలన్నాడు. డెల్బర్ట్ తన చెవుల్ని నమ్మక మళ్లీ అడిగాడు. మరో మాట లేదు, ఇదే అన్నాడు. తర్వాత వారాల్లో, మోచెయ్యి చాచు, ఇటు తిరుగు అంటూ గుర్రం జీను పట్టీతో క్లేటన్ చెయ్యి కొలిచాడు.

"మరి ఆ తిరుగుడంతా ఎందుకు?" అన్నాడు క్లేటన్.

"నేనూ అదే అడిగాను. ఇప్పుడిస్తే మంచం కింద పెడతాడు, భుజానికి అలవాటయ్యాక ఇవ్వాలి, అందాకా నువ్వు నోరు మూసుకో అన్నాడు. ఆలస్యం చెయ్యడం ఒక్కటే తనకు బాగా వచ్చిన విద్యట."

క్లేటన్‌కి ముందు కోపం వచ్చింది. ముసలి దొంగ, అన్నాడు. చిక్కుడు గింజ, తుమ్మితే పేలే మీట, తనను ఇష్టపడని నల్ల రైఫిలు, ఒక్కొక్కటే గుర్తొచ్చి, నవ్వో ఏడుపో అతనికే తెలియలేదు. ఒకే కంట్లోంచి నీళ్లు రావడం అతను ఇంకా అలవాటు పడని సంగతి. డెల్బర్ట్ లేచి కాఫీ పెట్టే నెపంతో లోపలికి వెళ్లాడు.

మే నెలలో ఒక పొద్దున క్లేటన్ చాప పట్టుకుని క్లబ్బు మైదానానికి వెళ్లాడు. చూడటానికి ఎవరూ వద్దన్నాడు, అక్క తప్ప. వెయ్యి గజాల అవతల, తూటా తగిలితే బోర్డు దించి గుర్తు పెట్టి మళ్లీ లేపడానికి, దాని కింది గోతిలో డెల్బర్ట్ ఉన్నాడు. సిగ్రిడ్ మడత కుర్చీ వేసుకుని, ఫ్లాస్కు మూతలో కాఫీ పోసుకుని తమ్ముడి ఎడమ పక్కన కూర్చుంది. ఆ ఊరి ఆడవాళ్లు కాల్చేవాళ్లకు ఎప్పుడూ ఎడమ పక్కనే కూర్చుంటారు. బోల్టు లాగగానే కాలిన తూటా గొట్టం కుడి పక్కకు ఎగురుతుంది మరి. కూతుళ్లకు తల్లులు ముందు చెప్పే మాటే అది.

క్లేటన్ చాలాసేపు గడ్డిని చూశాడు. ఒక కంటితో గాలి పలచగా కనిపిస్తోంది, దూరం తెలియడం లేదు. ఊపిరి సగం వదిలి మీట నొక్కాడు.

బోర్డు గోతిలోకి దిగలేదు. దాని బదులు ఒక ఎర్ర గుడ్డ లేచి అటూ ఇటూ ఊగింది. ఎవరో మహాతల్లి పాత ఎర్ర లంగా అది, క్లబ్బు పుట్టినప్పటి నుంచీ ఉంది. తూటా బోర్డుకే తగలకపోతే దాన్ని ఊపుతారు. క్లేటన్ కోసం దాన్ని ఊపిన రోజు ఇంతవరకూ లేదు.

"తగిలిందా?" అంది సిగ్రిడ్.

"లేదక్కా. బోర్డు మీదకే వెళ్లలేదు." ఆ మాట చెబుతూ నవ్వుతున్నాడు. పొట్ట పట్టుకుని, చాప మీద దొర్లేంతగా నవ్వుతున్నాడు.

నవ్వుతూనే బోల్టు లాగాడు. చెయ్యి తడుముకోలేదు. వేడి గొట్టం ఎడమ పక్కకు ఎగిరి సిగ్రిడ్ కాఫీలో పడి సుయ్‌మంది. ఆమె ఉలిక్కిపడి మూతలోకి చూసింది. తమ్ముడి ఎడమ చేతిని చూసింది. కాఫీ గడ్డిలో పారబోసి, లేచి, కుర్చీ తీసుకెళ్లి కుడి పక్కన వేసుకుంది.

"ఊఁ, కాల్చు," అంది.