తడి ఆరని జుట్టు

సెలూనాయనకి ఉన్నవి రెండే పిచ్చులు. ఒకటి కూతురు, రెండోది బాస్ చేప. మొదటిదాన్ని గురించి ఎవరూ ఏమీ అనేవారు కాదు, అనకూడదు కూడా. రెండోదాన్ని గురించి మాత్రం ఆ వీధిలో అనని మనిషి లేడు. షాపుకి సెలవొస్తే చాలు, తెల్లారుతూనే గాలం కర్ర భుజాన వేసుకుని రిజర్వాయరు దారి పట్టేవాడు. "ఇంట్లో పెళ్ళాం ఉండగా ఆ చేపతో కాపురమేంటయ్యా" అని ఎవరైనా అంటే, "ఆ చేప నాకు ఎదురు చెప్పదు కదా" అని నవ్వేసేవాడు. సెలూన్ వెనక గదే వాళ్ళ వంటిల్లు. ఆ మాట వినబడగానే అక్కడ ఏదో గిన్నె ఠంగుమని మోగేది.

బాస్ అంటే మామూలు చేప అనుకునేరు! ముల్లుకి వానపాము గుచ్చి నీళ్ళలో వదిలి, గట్టున కూర్చుని కునుకు తీస్తే పడే రకం కాదది. పెద్ద నోరు, అంతకంటే పెద్ద పొగరు. ఆకలికి తినేదానికంటే కోపానికి కొరికేదే ఎక్కువ. మునిగిన చెట్టు నీడలో నక్కి, ముందు నుంచి ఏది పోయినా ఒక్క ఉదుటున నోట వేసుకుంటుంది. దానికి బతికున్న ఎర అక్కర్లేదు. బతికున్నట్టు కనిపిస్తే చాలు.

సెలూనాయనకి ఈ విషయంలో పట్టింపులు ఇన్నీ అన్నీ కావు. కర్ర మరీ వంగకూడదు, మరీ బిగుసుకుపోకూడదు, మంచి అల్లుడిలా ఉండాలనేవాడు. దారం చుట్టే రీలు పాతదే కావాలి, దారం విసిరేటప్పుడు బొటనవేలు దానిమీద ఆనించి ఉంచాలి, వేలు ఏమరితే దారం పిచ్చుక గూడైపోతుంది. ఆయన బావమరిది దగ్గర ఓ పెట్టె నిండా రంగురంగుల ప్లాస్టిక్ చేపలూ, మెరుపులు చల్లిన రబ్బరు పాములూ ఉండేవి. "వీటిని చూసి చేప నవ్వి చస్తుందేమో గానీ కొరకదురా" అనేవాడు ఈయన. బావమరిది ముఖం మాడ్చుకునేవాడు. తీరా చూస్తే సాయంత్రానికి ఖాళీ చేతులతో వచ్చేదీ అతనే.

సెలూనాయన వాడేది ఒక్కటే ఎర. చిన్న సీసపు గుండున్న కొక్కెం, దానికి కుచ్చులా కట్టిన వెంట్రుకలు. మిగతావాళ్ళు మేక వెంట్రుకలు కొనుక్కుని కట్టేవారు. ఈయనకి కొనే కర్మేంటి? రోజూ కాళ్ళ కింద రాలేవన్నీ వెంట్రుకలే. నచ్చిన జుట్టుంటే ఓ కుచ్చు తీసి డబ్బాలో దాచుకునేవాడు, సెలవు రోజు పొద్దున దారంతో బిగించి కట్టేవాడు. మనిషి జుట్టు నీళ్ళలో పడితే ఊపిరి తీస్తున్నట్టు విచ్చుకుని ముడుచుకుంటుందని, అది మేక వల్ల కాదని ఆయన సిద్ధాంతం. ఎరని అడుగుకి పోనిచ్చి, కాస్త లేపి, మళ్ళీ వదలాలి. "లేచేటప్పుడు కాదు, దిగేటప్పుడు కొరుకుతుంది. కర్రని చూడకు, దారం నీళ్ళలోకి దిగే చోటు చూడు" అని కూతురికి చిన్నప్పుడే నేర్పాడు.

ఆ కూతురిని అందరూ బుజ్జి అనే పిలిచేవారు. పెద్దదై కళ్ళజోళ్ళ దుకాణంలో పనికి కుదిరినా బుజ్జే. నడుము దాటే జడ, చివర్లు మాత్రం ఎండ తగిలితే రాగిలా మెరిసేవి. ఆ జడ మీద కత్తెర పెట్టే హక్కు నాన్నకి తప్ప ఇంకెవరికీ లేదు.

అలా బాగానే సాగుతుండగా ఒక సెలవు రోజు, కూలి నీళ్ళలో పడున్న పెద్ద చెట్టు దగ్గర ఓ చేప ఎరని పట్టి, దారం తెంపుకుని పోయింది. ఆ ఎరకి కట్టింది ఎదురింటి రేడియో మెకానిక్ జుట్టు. అంత బరువైన చేప ఆ నీళ్ళలో ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. సెలూనాయన పోయిన ఎర కోసం కాదు, పోయిన చేప కోసం దారి పొడుగునా తిట్టుకుంటూ ఇంటికొచ్చాడు.

రెండు రోజులాగి మెకానిక్ షాపుకొచ్చాడు. "అన్నా, చోద్యం చూడు. ఈ తల ఆరట్లేదు."

"స్నానం చేసి తుడుచుకోవయ్యా. అదీ నేనే చెప్పాలా?"

"స్నానమే చెయ్యలేదు."

సెలూనాయన నవ్వుతూ తువ్వాలు తీసి గట్టిగా తుడిచాడు. వేడి గాలి కొట్టాడు. జుట్టు పొడిపొడిగా ఆరింది. అద్దంలో ఇద్దరూ చూస్తుండగానే కుదుళ్ళలోంచి తడి ఊరి, చివర్లకి పాకి, చొక్కా కాలరు మీద చుక్కగా పడింది. తువ్వాలు ముక్కు దగ్గర పెట్టుకుంటే నాచు వాసన. "గీసెయ్యన్నా, పీడా పోతుంది" అన్నాడు మెకానిక్. గుండు గీశాడు. నున్నటి చర్మం మీద చిరుచెమటలా నీళ్ళు పట్టాయి. మెకానిక్ అద్దంలో తనని తాను చూసుకుంటూ, "కళ్ళు మూసుకుంటే ఎవరో జుట్టు పట్టుకుని కిందికి లాగుతున్నట్టుందన్నా" అన్నాడు. గుండు మీద జుట్టేదయ్యా అని జోక్ వెయ్యబోయాడు సెలూనాయన. కానీ తువ్వాలు తీసి ఆ గుండే మళ్ళీ తుడిచాడు.

తర్వాతి సెలవు రోజు ఆయన చేసిన పొరపాటు ఇంకే చేపలు పట్టేవాడూ చేసేది కాదు. ముందురోజు సాయంత్రం బుజ్జి జడ చివర్లు కత్తిరించి, ఆ కుచ్చు పారేయబుద్ధి కాక జుట్టు డబ్బా ఉండే సొరుగులో పెట్టాడు. పొద్దున్నే లైటు వెయ్యకుండా సొరుగులో చెయ్యి పెట్టి, దొరికిన కుచ్చుని దొరికినట్టే కట్టేశాడు. వెంట్రుక పట్టుకుంటే మనిషిని చెప్పగల వేళ్ళు ఆవేళ నిద్రపోయాయి. ఖర్మ అంటే అదే మరి.

అదే చెట్టు, అదే నీడ. ఎర దిగుతూ దిగుతూ ఉండగా దారం పక్కకి జరిగింది. కర్ర ఎత్తి గట్టిగా గుంజాడు. చేప నీళ్ళు చీల్చుకుని పైకెగిరి తల విదిలించింది. దాని దవడ పక్క ఎర ఎండలో రాగిలా మెరిసింది. ఆ మెరుపు ఎవరిదో ఆయనకి కాక ఇంకెవరికి తెలుస్తుంది? బొటనవేలు పట్టు తప్పింది, దారం చిక్కుపడి పుటుక్కున తెగింది.

గట్టు వెంబడి వస్తుంటే అవతల పదిమంది గుమిగూడి ఉన్నారు. మోకాలి లోతు నీళ్ళలో రేడియో మెకానిక్ బోర్లా పడి ఉన్నాడు. కాలు జారిందన్నారు కొందరు. చేతులు రెండూ తలమీద పెట్టుకుని ఉన్నాడు, ఎవరి పట్టో విడిపించుకుంటున్నట్టు.

ఇంటికొచ్చేసరికి బుజ్జి గుమ్మంలో నిలబడి జడ పిండుకుంటోంది. "చూడు నాన్నా, వాన లేదు ఏం లేదు, ఇదేం తడి!" అంది నవ్వుతూ.

ఆ రోజు నుంచి సెలూనాయన షాపు తలుపు తెరవలేదు. జుట్టు డబ్బాలన్నీ పెరట్లో తగలబెట్టేశాడు. ఆ చేపని పట్టి బుజ్జి ఎర పీకెయ్యాలని రోజూ ఆ చెట్టు దగ్గరే కూర్చున్నాడు. మేక వెంట్రుకలు కట్టాడు, ఈకలు కట్టాడు, చివరికి సిగ్గు విడిచి బావమరిది రబ్బరు పాములు కూడా తగిలించాడు. చేప ముట్టలేదు. ఇంట్లో బుజ్జి నవ్వడం తగ్గింది, తింటూ తింటూ ఆగిపోయి కిటికీ వైపు చూసేది. వాళ్ళమ్మ తువ్వాళ్ళు ఆరేసీ ఆరేసీ ఏడ్చేది. ఏ డాక్టరుకి చెప్పుకోవాలి, ఏమని చెప్పుకోవాలి?

దానికి కావలసింది మనిషి జుట్టే. అది ఆయనకి మొదటి రోజే తెలుసు. ఎవరిది కట్టాలి మరి? పరాయి బిడ్డ తల తీసుకెళ్ళి ఆ నోట్లో పెట్టే పాపం ఆయన వల్ల కాలేదు. ఓ ముసురు పట్టిన ఉదయం అద్దం ముందు నిలబడి, తన తల వెనక నుంచి ఓ కుచ్చు కత్తిరించుకున్నాడు.

మొదటి విసురుకే పట్టింది. ఈసారి వేలు తొణకలేదు. కర్ర విల్లులా వంగినా ఓపిగ్గా దారం ఇస్తూ, లాగుతూ, చేపని ఒడ్డుకి తెచ్చి కింది పెదవి పట్టుకుని పైకెత్తాడు. నోరు తెరిచి ఉంది. గొంతులో లోపలికి ఆయన ఎర. దవడ పక్కన బుజ్జి ఎర. దాని వెనక ఉబ్బి నాచు పట్టిన మెకానిక్ ఎర. చేప కన్ను ఆయన్నే చూస్తోంది, భయం లేదు దానికి. పట్టుకారుతో ముందు బుజ్జి ఎరని పీకాడు. అంతే, చేప ఒక్క గింజు గింజుకుని, దారం తెంపుకుని నీళ్ళలో పడింది. అది ఇవ్వవలసింది ఇచ్చింది, తీసుకోవలసింది తీసుకుంది.

పరుగున ఇంటికొచ్చాడు. బుజ్జి జడ విప్పి ఆరబోసుకుని కూర్చుంది, పొడిగా, తేలిగ్గా. "పోయింది నాన్నా!" అని ఎగిరి గంతేసి, ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి ఆగిపోయింది. "నీ తలేంటి తడిగా ఉంది?"

"ముసురు కదమ్మా" అన్నాడు.

అబద్ధం ఆడటం రాని మనిషి, ఎన్నాళ్ళు ఆడతాడు? ముసురు పోయి ఎండలొచ్చినా తల ఆరలేదు. తన జుట్టే ఇంకోసారి కట్టి చూశాడు. తన ఎర దాని గొంతులో ఉన్నన్నాళ్ళూ ఆ జుట్టుని చేప మళ్ళీ ముట్టలేదు. ఇక చాలనుకున్నాడు. బిడ్డ దక్కింది, అదే పదివేలు. బావమరిదిని పిలిచి ఉన్నదంతా చెప్పి, "నాకేమైనా అయితే వీళ్ళని చూసుకోరా. ఎవరితోనూ అనకు" అన్నాడు.

బావమరిది మంచివాడే పాపం, ఆ నోట్లోనే నువ్వుగింజ నానదు. "నీకోసం మీ నాన్న ఏం చేశాడో తెలుసా తల్లీ" అని టీ తాగేలోపే బుజ్జి ముందు కళ్ళనీళ్ళు పెట్టుకుని మొత్తం కక్కేశాడు. ఆ రోజు నుంచి బుజ్జి సాయంత్రాలు తువ్వాలు తీసుకొచ్చి నాన్న తల తుడవడం మొదలుపెట్టింది. "ఇంకా ఆరలేదు నాన్నా" అనేది. ఆయన కళ్ళు మూసుకునేవాడు. కిందికి లాగే చేతికీ పైన తుడిచే చేతికీ మధ్య ఆయన ప్రాణం ఊగుతుండేది.

ఒక మధ్యాహ్నం షాపు కుర్చీలోనే కునుకు పట్టింది. చాలా రోజుల తర్వాత పట్టిన మంచి నిద్ర, ఎవరూ లాగలేదు. భార్య వచ్చి తట్టి లేపింది. "ఏమండీ, బుజ్జి ఏది? అన్నానికి రాలేదు."

ఆయన లేచి చూశాడు. నేల మీద పొడుగాటి జడ, చివర రాగి రంగు, రబ్బరు బ్యాండు కూడా విప్పకుండా. బల్ల మీద దారం ముక్కలు, సీసపు గుండ్లు. గోడకి కర్ర తగిలించే మేకు ఖాళీగా ఉంది. అరవబోయి, జుట్టు పీక్కుందామని చేతులు తలమీదికి పోనిచ్చాడు.

తల పొడిగా ఉంది. ఎండుగడ్డిలా ఆరిపోయి ఉంది.

గుమ్మంలో నీడ పడింది. బుజ్జి నిలబడి ఉంది, మెడ దాకా కత్తిరించిన జుట్టుతో, భుజాన కర్రతో. ముఖమంతా నవ్వే. చాచిన అరచేతిలో ఆయన ఎర.

"నువ్వు చెప్పినట్టే చేశాను నాన్నా, కర్రని చూడలేదు, దారాన్నే చూశాను" అంది. ఆ పొట్టి జుట్టు చివర్ల నుంచి గడప మీద చుక్కచుక్కగా నీళ్ళు పడుతున్నాయి. వాళ్ళమ్మ లోపలికి పరిగెత్తి తువ్వాలు తెచ్చింది.