అంగడి అరిసెలు

ఆ దినాల్లో ఏ వస్తువునైనా చెప్పిన ధరకు కొన్న పాపాన నేను పోలేదు. ప్రొద్దుటూరులో బట్టలంగళ్ల నడుమ పుట్టి, చీరల మూటల మీద నిద్రపోయి పెరిగినవాణ్ణి. 'రామ్మా, కూచోమ్మా, కొనకపోయినా ఫరవాలేదు, చూసి పో' అనే మాట నేను జోలపాటలకన్నా ఎక్కువ విన్నాను. ఎదుటి మనిషి మాటలో నిజమెంత, లాభమెంత అని తూకం వేయకుండా నమస్కారం కూడా పెట్టేవాణ్ణి కాదు. (పెళ్లిచూపుల్లో కాఫీ ఎట్లుందని అడిగితే 'ఫరవాలేదు' అన్నాను. బాగుందంటే అవతలివాళ్లు బిగుసుకుంటారని మా నాయన నేర్పిన విద్య. ఆ కాఫీ శానా బాగుంది, ఆ మాట మా ఆవిడకు ఇప్పటికీ బాకీ.) అంతటి తెలివితో నేను చేసిన ఒక పని గురించి ఇప్పుడు చెప్తాను. నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. ఆరేండ్లపాటు నేనూ నవ్వినాను.

అప్పుడు నాకు ఇరవై ఏడేండ్లు, మూడు ఊర్ల మీద నా కాపురం. కూడు ప్రొద్దుటూరులో, చదువు జమ్మలమడుగులో, పెండ్లాం బిడ్డ పులివెందులలో. పగలు జమ్మలమడుగులో బి.ఎడ్. కాలేజీ, సాయంత్రం బస్సు దిగీ దిగకముందే ప్రొద్దుటూరులో మా చిన్నాయన చీరలంగడి. మా ఆవిడకు తొండూరు సచివాలయంలో ఉద్యోగం కాబట్టి పులివెందులలో పుట్టింట్లోనే ఉండి రోజూ పోయి వచ్చేది. బిడ్డను మా అత్త చూసుకునేది. కూతురికి సర్కారు ఉద్యోగం, అల్లుడేమో నిచ్చెనెక్కి పైఅరలో చీరలు తీసే మనిషి. అత్తగారింట్లో ఎవరూ ఒక్క మాటన్న వాళ్లు కాదు గానీ, అనకపోవడమే నాకు గుచ్చుకునేది. అందుకే ఆ వయసులో మళ్లీ పుస్తకం పట్టినాను. ఆదివారం సెలవు కోసం చిన్నాయనతో నెలరోజులు బేరమాడి, పండగ రోజుల్లో పొద్దున్నుంచి అంగడి మూసేదాకా నిలబడతానని ఒప్పుకొని సాధించుకున్నాను. వారానికి ఆ ఒక్క రోజే నేను నాయనను, మిగతా ఆరు రోజులూ ఫోన్లో గొంతును.

మా తట్టు బిడ్డ చేసే ప్రతి కొత్త పనికీ ఒక పిండివంట ఉంటుంది. బోర్లా పడితే ఓళిగలు (కోస్తావాళ్ల బొబ్బట్లే ఇవి, పేరు కాడ తగాదా వద్దు), గడప దాటితే వడలు, అడుగులేస్తే అరిసెలు. నా కూతురు బోర్లా పడింది మంగళవారం. ఆ పొద్దు నేను క్లాసులో 'శిశువు శారీరక వికాసం' అనే పాఠానికి నోట్సు రాసుకుంటున్నాను. ఓళిగలు మరుసటి రోజు టిఫిన్ డబ్బాలో, తెలిసిన కండక్టరు చేతిమీదుగా ప్రొద్దుటూరు బస్టాండులో దిగినాయి. గడప దాటింది శుక్రవారం, వడలు శనివారం వచ్చినాయి, మెత్తబడి. బస్టాండు బెంచీ మీద కూర్చొని ఆ చల్లారిన వడలు తింటావుంటే, నా బిడ్డ పెరగడం నేను కండ్లతో చూడలేదు, నోటితో తింటాండాను అనిపించింది. పరీక్షలో మాత్రం ఏ నెలకు శిశువు ఏం చేస్తుందో పట్టిక గీసి, నూటికి ఎనభై తెచ్చుకున్నాను.

ఇక మిగిలింది అడుగులు. ఏది పోయినా అది పోనివ్వకూడదని పట్టుబట్టినాను. బిడ్డకు పదకొండో నెల. మా పుస్తకం ప్రకారం పన్నెండు దాటాలి, అప్పటికి నా పరీక్షలయిపోయి సెలవులొస్తాయి. అయినా పుస్తకాన్ని పూర్తిగా నమ్మకుండా రోజూ ఫోన్ చేసి మా అత్తకు సూచనలిచ్చేవాణ్ణి. వేలు పట్టి నడిపించొద్దని, మూడు చక్రాల బండి అటక మీద పెట్టేయమని, మరీ ఉత్సాహపడితే చంకనెత్తుకోమని. మనవరాలు నడిస్తే చాలని దేవునికి మొక్కుకునే మనిషికి, నడవకుండా చూడమని నేను చెప్పే మాటలు ఎట్లుండేవో ఏమో. ఒక పొద్దు మాత్రం అడిగేసింది.

"అదేమన్నా పట్టుచీరనా అప్పా, నువ్వొచ్చేదాకా పక్కన పెట్టేకి? కాళ్లు దానివి."

నేను దానికీ బేరానికి దిగినాను. ఆదివారం ఆదివారం వస్తాను కదా, నడవనీ, ఆ ఒక్కరోజే నడవనీ అన్నాను. నవ్వుతూ అందామనుకున్నాను గానీ, బతిమాలినట్టే వచ్చింది. వెనక చిన్నాయన పిలుస్తున్నాడు. అటువైపు మా అత్త, "సరేలేప్పా, ఆదివారం రా" అని పెట్టేసింది.

మా అత్త గురించి ఒక మాట చెప్పాలి. ఆమె అంత మాటకారి కాదు, చదువుకున్న మనిషీ కాదు. కానీ వాళ్ల వీధిలో పెండ్లయినా శ్రీమంతమైనా అరిసెల పాకం పట్టే పొద్దుకు ఆమె కోసం మనిషి వచ్చేవాడు. గిన్నెలో నీళ్లు పోసుకొని, పాకం చుక్క వేసి, వేలితో ఉండ చేసి చూసి, దించండి అంటే దించాల్సిందే. దానికి ఆమె ఏమీ తీసుకునేది కాదు. పొయ్యి పక్కన పీట వేసి కూర్చోబెట్టి, మొదటి అరిసె ఆమె చేతిలో పెట్టేవాళ్లు. ఆ పీట కోసం ఆమె పట్టుచీర కట్టుకొని పోయేది. భర్త పోయి, కొడుకు ఇంట్లో కోడలి చేతి వంట తినే ఆమెకు ఆ వీధిలో తనదంటూ ఉన్న పెద్దరికం అదొక్కటే.

ఆ ఆదివారం ఎర్రగుంట్ల కాడ సిమెంటు లారీల వెనక మా బస్సు గంటసేపు నిలబడిపోయింది. ఇల్లు చేరేసరికి పదకొండు దాటింది. వసారాలో మా అత్త, మా ఆవిడ, బామ్మర్ది, పక్కింటి ఖాలా (ఖాలా అంటే ఉర్దూలో పిన్నమ్మ, వీధి మొత్తానికి ఆమె ఖాలానే, సొంత మనవళ్లకు కూడా) నాకోసమే ఎదురు చూస్తున్నట్టు కూర్చోనున్నారు. చెప్పులు విడవకముందే మా అత్త బిడ్డను గోడకు ఆనించి నిలబెట్టి పక్కకు జరిగింది. బిడ్డ నన్ను చూసింది. నేను వంగి చేతులు చాపినాను. ఒక అడుగు, ఇంకొకటి, ఆగి ఊగింది, మళ్లీ ఒకటి. ఏడు అడుగులు వేసి నా మోకాళ్ల మీద పడింది. అంగట్లో ఎంత పెద్ద బేరం తెగినా ముఖంలో చూపించని నేను, చెప్పులతోనే వసారాలో చతికిలబడి ఏడ్చినాను. మా ఆవిడ కూడా కండ్లొత్తుకుంది. తొండూరుకు పోయి వచ్చే ఆమెకూ చూడడం అదే మొదలు.

అక్కడితో ఊరుకొని ఉంటే ఈ కథ లేదు. మా అత్త అరిసెల పళ్లెం తెచ్చి నా ముందు పెట్టింది. ఈ పొద్దే నడుస్తుందని ముందే ఎట్లా తెలిసిందో అని ఒకటి చేతిలోకి తీసుకున్నాను. అంచు విరిచినాను, టక్కుమని విరిగింది. కండ్ల నీళ్లు ఆరకముందే నాలోని అంగడివాడు లేచి కూర్చున్నాడు. (మా అంగడి పక్కనే మిఠాయి అంగడి, అరిసె వయసు చెప్పడం నాకు పిల్లప్పటి ఆట.) ఈ పొద్దువి కావు, నిన్నటివీ కావు, తక్కువలో తక్కువ నాలుగు దినాలవి. పాకంలో చేయి తిరిగిన మా అత్త ఇంట్లో పాత అరిసెలు! ఇంకేముంది, దొంగ దొరికిందనుకున్నాను.

"అత్తా, ఏ అంగట్లో కొన్యావు నిజం చెప్పు. నాలుగు దినాల సరుకు అంటగట్టినారు నీకు."

ఖాలా ఏదో అనబోయింది. మా అత్త ఆమెవైపు ఒక్క చూపు చూసి, నావైపు తిరిగి, "మెయిన్ రోడ్డులో కొంటినప్పా" అంది.

"బేరమన్నా ఆడినావా?"

"యాడ ఆడేది. చెప్పినంత ఇచ్చి తెస్తి."

వసారా అంతా నవ్వింది, మా ఆవిడ అందరికన్నా ఎక్కువ నవ్వింది. నేను విరిచిన ముక్కలను పళ్లెంలోనే పెట్టేసి, పాకం రాణి కొనుక్కొచ్చిన అరిసెలని పేరు కూడా పెట్టినాను. తిరుగు బస్సులో నా తెలివికి నేనే మురిసిపోయినాను.

ఆ తర్వాత ఆ కథను నేను చీర మడత విప్పినట్టు విప్పి చూపించని చోటు లేదు. గండిలో ఆంజనేయస్వామి కాడ బిడ్డకు పుట్టెంట్రుకలు తీయించినప్పుడు, రెండు వైపుల బంధువులూ పంక్తిలో కూర్చోనుంటే, వడ్డించేది మా అత్తే అని తెలిసీ, పెద్ద గొంతుతో చెప్పినాను. అందరూ పొట్ట పట్టుకొని నవ్వినారు. ఆమె నా విస్తట్లో పప్పు వేస్తూ తనూ నవ్వింది. మా అత్త పుట్టింటి తరఫు ఒకామె, అయితే మా ఇంట్లో పెండ్లికి పోయినేడు చేసినవి ఏ అంగడివి అక్కా అని అడిగింది. తమాషాకే అడిగింది. కానీ తమాషా మాట ఊరు తిరిగే కొద్దీ తమాషా మిగలదు, మాట ఒక్కటే మిగులుతుంది. పెండ్లిండ్ల నుంచి మనిషి రావడం తగ్గిపోయింది. వచ్చిన వాళ్లకు కూడా ఆమె, కండ్లు కనపడవమ్మా, పాకం కుదరదు అని చెప్పడం మొదలుపెట్టింది. నేను దాన్ని వయసు అనుకున్నాను.

పోయినేడు నా బామ్మర్ది కొడుకు అడుగులేసినాడు. అప్పటికి నేను బి.ఎడ్. పూర్తి చేసి, పరీక్షల మీద పరీక్షలు రాసి, సర్కారు బడిలో సారునయినాను. నా కూతురు రెండో తరగతి. ఆ పొద్దు ఇంట్లో పంచిన అరిసెలు నిజంగానే అంగడివి, డబ్బా మీద చీటీ కూడా ఊడలేదు. నేను ఊరుకుంటానా? ఈ ఇంటికి ఇది ఆచారం కదా, మా అత్త మొదలుపెట్టిందే కదా అన్నాను. నవ్వడానికి అందరూ నోరు తెరిచినారు. అరిసె చేతిలో పట్టుకున్న ఖాలా మాత్రం నవ్వలేదు. గొంతు పెంచకుండానే మొదలుపెట్టింది.

"శానా దినాల్నుంచి ఇంటాండా అప్పా ఈ మాట. ఆ అరిసెలు మా ఇంటి పొయ్యి మీద కాలినాయి. మీ పాప బుధవారమే నడిసింది, మంచం కాడ్నుంచి గడప దాకా. నేనూ చూసినా. అడుగు పడిన పొద్దే అరిసె వండాల, లేకుంటే బిడ్డకు మంచిది కాదని మీ అత్త మా ఇంట్లో చేసి, డబ్బా మా ఇంట్లోనే పెట్టి, నా నోటికి ఒట్టు పెట్టింది. నువ్వు ఆదివారం వస్తావని."

నా తలలో లెక్క తిరిగింది, ఆరేండ్లు ఆలస్యంగా. అడుగు పడకముందే ఎవరూ ఇంట్లో అరిసె వండరు. ఆ అరిసెలు తను చేసినవే అని ఆమె అనుంటే, నాలుగు దినాల పాతవని అప్పటికే తేల్చిన నేను, వేళ్ల మీద వెనక్కి లెక్కపెట్టి బుధవారం కాడ ఆగేవాణ్ణి. నా బిడ్డ మొదటి అడుగు కూడా నాకు తప్పిపోయిందని ఆ వసారాలోనే తెలిసిపోయేది. అది తెలియకుండా ఉండాలంటే ఆమె ముందు ఒక్కటే దారి, కొన్నానని ఒప్పుకోవడం. ఒప్పుకుంది. మేము అంగట్లో ఎప్పుడో విప్పిన మూటను చూపించి, ఇది మీకోసమే ఇప్పుడు విప్పినాం తల్లీ అని రోజుకు నూరుసార్లు అంటాం, లాభం కోసం. ఆమె అదే పని తన పేరు నష్టపోయి చేసింది. ఆ నష్టాన్ని నేను ఊరూరా తిరిగి రెట్టింపు చేసినాను.

పెరట్లో మా అత్త చెనక్కాయలు ఒలుస్తా ఉండింది. లోపలి మాటలు ఆమెకు వినపడే ఉంటాయి. పక్కన కూర్చున్నాను. క్షమాపణ చెప్పడం నాకెవరూ నేర్పలేదు, అంగట్లో దాని అవసరం పడదు. చివరకు, అత్తా ఈసారి సెలవుల్లో నువ్వే పాకం పట్టాల, వీధికంతా నేనే పంచుతాను అన్నాను. ఆమె చేతులు నా ముందు చాపింది. సన్నగా వణుకుతున్నాయి.

"ఇంగ పాకం నిలబడదప్పా ఈ చేతుల్లో" అంది. తర్వాత, నా ముఖం చూసి కాబోలు, కాయలు నా ముందుకు తోసి, మామూలు మాటలాగే అంది. "బుధవారం రెండే అడుగులప్పా, అదీ పడతా లేస్తా. నీ ముందర ఏడు ఏసింది. లాభం నీదే."

నిజమేనా అత్తా అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఏ ధర చెప్పినా నా నోట్లోంచి మొదట వచ్చే మాట అదే. మింగేసి, ఆమెతోపాటు చెనక్కాయలు ఒలిచినాను. ఆమె నేను ఒలిచిన వాటిలోంచి పుచ్చువి ఏరి పారేస్తా ఉండింది, సారు అయినా అల్లునికి ఇంకా ఏరడం రాలేదని కోడలికి చెప్తా.

ఆ ఇంట్లో మంచం ఇప్పటికీ అదే మూల ఉంది. ఎవరూ లేనప్పుడు అక్కణ్ణుంచి గడప దాకా నడిచి చూసినాను. పెద్దమనిషి కాళ్లకే ఐదు అడుగులు. పదకొండు నెలల బిడ్డకు ఎన్నో మీరే లెక్కేసుకోండి, నేను వేయదలచుకోలేదు. మొన్న నా కూతురు, నాయనా నేను ఫస్టు ఎవరి ముందర నడిచినా అని అడిగింది. మీ అవ్వ ముందర రెండు అడుగులు, నా ముందర ఏడు అని చెప్పినాను. అది తలూపి ఆటకు పోయింది. ఆ అరిసె అంచు విరిచి గెలిచినానని బస్సులో మురిసిపోయిన ఇరవై ఏడేండ్ల వాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు కోపం రాదు, కొంచెం నవ్వే వస్తుంది. పాపం, ఆ పొద్దు వాడు ఎంత సంతోషంగా ఉన్నాడో.